సయ్యద్ అబ్దుల్ రహీం

ఇంట గెలిచి రచ్చ గెలువవలెనని మన పెద్దలు చెప్పుదురు. వినుటకు సులభమైన మాటయే గాని యిందొక చిక్కు గలదు. ఇంటిలో ఆడు ఆట యొకటియు, రచ్చలో ఆడవలసిన ఆట మరియొకటియు నైనచో, ఇంట గెలిచినవాడు రచ్చలో నెట్లు గెలువగలడు? స్వాతంత్ర్యము వచ్చిన తొలినాళ్లలో మన దేశపు ఫుట్‌బాలు జట్టునకు సరిగా ఇట్టి చిక్కే సంభవించెను. ఆటగాండ్రకు ధైర్యము లేక కాదు. నేర్పు లేక కాదు. దేశాభిమానము లేక అంతకంటెను కాదు. అయినను సముద్రములు దాటి పెద్ద పోటీలకు పోయినపుడు వారు తల వంచుకొని తిరిగి రావలసి వచ్చెడిది. ఇట్లేల జరుగుచున్నదని ఓపికతో విచారించి, కారణముల నొక్కొక్కటిగా కనుగొని, వానిని తొలగింప పూనుకొన్న మహనీయు డొకడు హైదరాబాదు నగరమున నుండెను. ఆయన సేనాధిపతి కాడు, ధనవంతుడు కాడు, ఒక బడిపంతులు. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. జనులు ఆయనను రహీం సాహెబని గౌరవముతో పిలుచుచుండిరి.

రహీం 1909వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన హైదరాబాదులో జన్మించెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి పట్టము పొందెను. చదువుకొను దినములలోనే విశ్వవిద్యాలయపు జట్టున ఫుట్‌బాలు ఆడి మంచి ఆటగాడని పేరు గాంచెను. పిమ్మట ఉపాధ్యాయ వృత్తి నవలంబించి, కాచిగూడ, చాదర్‌ఘాటు మొదలగు చోట్లనున్న పాఠశాలలలో బోధించెను. వ్యాయామ విద్యయందును శిక్షణ పొంది, బాలురకు చదువుతోపాటు ఆటలను నేర్పుచుండెను.

ఉపాధ్యాయుడగుట ఆయనకు జీవితాంతము తోడ్పడెను. బాలుడు లెక్క తప్పు చేసినపుడు మంచి గురువు వానిని మందబుద్ధి యని నిందింపడు. పలకను చేతికి తీసికొని, ఏ మెట్టున తప్పినాడో చూచును. ఆ మెట్టును సరిదిద్దినచో మిగిలిన లెక్క తానై సరిపడును. రహీం ఫుట్‌బాలును ఈ దృష్టితోనే చూచెను. ఓటమి ఆయనకు అవమానము కాదు. అది తప్పిన లెక్క. దానిని మొదటినుండి చూచుకొని, తప్పిన మెట్టును పట్టుకొనుటయే ఆయన పద్ధతి.

హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు రహీం చాల కాలము కార్యదర్శిగ పనిచేసెను. 1950వ సంవత్సరమున హైదరాబాదు సిటీ పోలీసు జట్టునకు శిక్షకుడయ్యెను. ఆ జట్టులోనివారు సామాన్య కుటుంబములకు చెందిన యువకులు. వారిని రహీం తీర్చి దిద్దిన విధము చూచి దేశమంతయు ఆశ్చర్యపడెను. బొంబాయిలో జరుగు రోవర్సు కప్పు పోటీలలో 1950 మొదలుకొని 1954 వరకు వరుసగా ఐదుసార్లు ఆ జట్టు విజయము సాధించెను. ఢిల్లీలో జరుగు డ్యూరాండు కప్పును గూడ గెలుచుకొనెను. ఆ కాలమున ఫుట్‌బాలనగా కలకత్తాయే యని లోకము తలచుచుండెను. దక్కను పీఠభూమినుండి వచ్చిన పోలీసు యువకులు కలకత్తా మేటి జట్లను నిలువరించుట చిన్న విషయము కాదు.

రహీం శిక్షణ పద్ధతులు కొన్ని వినుటకు వింతగ నుండును. అనేకులు కుడికాలితో బంతిని చక్కగా తన్నగలరు; ఎడమకాలు మాత్రము మొద్దుబారి యుండును. అట్టివారికై ఆయన బలహీనమైన కాలితోనే తన్నవలెనను నియమముతో పోటీలు పెట్టెడివాడు. మరికొన్ని పోటీలలో బంతిని తనయొద్ద నుంచుకొని ఎదుటివారిని తప్పించుకొనుచు పరుగెత్తరాదు. అందిన వెంటనే తోడివానికి అందింపవలెను. ఈ నియమములవలన బాలురకు మొదట చికాకు కలుగుట సహజమే. కాని కొన్నాళ్లకు రెండుకాళ్లును సమానముగ పనిచేయును, తోడివాడెచట నున్నాడో చూచు అలవాటు కంటికి కలుగును. రహీం కోరిన ఫలమదియే.

ఇక దేశపు జట్టు సంగతి చూతము. 1948వ సంవత్సరమున లండను ఒలింపిక్సునకు మన జట్టు వెళ్లెను. వారిలో పెక్కురు బూట్లు లేక ఉత్త కాళ్లతోనే ఆడిరి. ఫ్రాన్సు జట్టుతో సమముగ పోరాడి, దొరికిన రెండు పెనాల్టీలను చేజార్చుకొని, 1-2 గోలుల తేడాతో ఓడిరి. చూచినవారందరు వారి నేర్పును మెచ్చుకొనిరి. 1950వ సంవత్సరమున బ్రెజిలు దేశములో జరిగిన ప్రపంచ కప్పు పోటీలలో పాల్గొను అవకాశము మన జట్టునకు లభించినను, మనవారు వెళ్లలేదు. బూట్లు లేకుండ ఆడనియ్యనందుననే వెళ్లలేదను కథ యొకటి లోకమున వ్యాపించినది. కాని ఆనాటి మన క్రీడా పెద్దలు ఒలింపిక్సునకిచ్చిన ప్రాముఖ్యమును ప్రపంచ కప్పున కియ్యలేదనుటయే సత్యమునకు దగ్గరగ నుండును.

1951వ సంవత్సరము మార్చిలో ఢిల్లీలో మొట్టమొదటి ఆసియా క్రీడలు జరిగెను. రహీం శిక్షణలో శైలేన్ మన్నా నాయకుడుగా ఆడిన మన జట్టు తుది ఆటలో ఇరాను జట్టును 1-0 గోలుతో ఓడించి స్వర్ణపతకమును గెలుచుకొనెను. ఆ ఒక్క గోలును సాహు మేవాలాల్ చేసెను. దేశమంతయు సంతసించెను. ఇంట గెలిచితిమి, ఇక రచ్చయందును గెలుతుమని అందరును నమ్మిరి.

ఆ నమ్మకము మరుసటి సంవత్సరమే భగ్నమయ్యెను. 1952వ సంవత్సరము జూలైలో ఫిన్లండు రాజధానియగు హెల్సింకీలో ఒలింపిక్సు జరిగెను. అది ఉత్తర దేశము, చలి యెక్కువ. మన జట్టు యుగోస్లావియాతో తలపడెను. మనవారిలో అనేకులు అపుడును ఉత్త కాళ్లతోనే ఆడిరి. ఎండిన నేలపై బంతిని మచ్చిక చేసికొన్న ఆ పాదములు చలినేలపై పట్టు దప్పెను. బూట్లు తొడిగిన బలిష్ఠులైన ప్రత్యర్థులతో బంతికై పెనగులాడుటకు జంకు కలిగెను. ఆట ముగియునప్పటికి యుగోస్లావియా పది గోలులు చేయగా, మన జట్టు ఒక్కటి మాత్రమే చేయగలిగెను. ఆ ఒక్కటి అహమ్మద్ ఖాన్ చేసినది. ఏడాది క్రిందట ఆసియా విజేతలైనవారికి ఇట్టి పరాభవము!

ఓటమి కలిగినపుడు లోకము సాధారణముగ రెండు మార్గములలో నేదో ఒకటి త్రొక్కును. ఒకటి, ఎవరినైన ఒకనిని వేలెత్తి చూపి నిందించుట. రెండవది, మన శరీరములింతే, మన అదృష్టమింతే యని చేతులు ముడుచుకొని కూర్చుండుట. రహీం ఈ రెండు మార్గములను విడిచి, పలకను చేతికి తీసికొనెను. తప్పిన మెట్లు ఆయనకు ఒక్కటి కాదు, నాలుగు కనబడెను.

మొదటిది పాదరక్షల విషయము. ఉత్త కాలు బంతిని లాలించగలదు గాని, దూరమునకు బలముగ తన్నలేదు, తడినేలపై నిలువలేదు. రెండవది కాలము. ఇతర దేశములలో ఆట తొంబది నిమిషములు సాగును. మన దేశపు పోటీలలో చాలవరకు డెబ్బది నిమిషములకే ముగియుచుండెను. డెబ్బది నిమిషములకు అలవాటుపడిన గుండె మిగిలిన యిరువది నిమిషములు ఎట్లు కొట్టుకొనగలదు? మూడవది స్వార్థము. బంతిని కాళ్లసందున నాడించుచు ముగ్గురు నలుగురిని తప్పించుకొని పోవువానికి మన ప్రేక్షకులు చప్పట్లు చరచెడివారు. ఆ చప్పట్లకు మరగిన ఆటగాడు తోడివానికి బంతి నందించుట మరచును. నాలుగవది వ్యూహము. ఇద్దరిని మాత్రమే వెనుక కాపుంచి, ముగ్గురిని నడుమ నిలిపి, ఐదుగురిని ముందునకు పంపు పాతపద్ధతియే మన దేశమున నడచుచుండెను. ఐరోపావారు ఎన్నడో దానిని మార్చుకొనిరి.

ఈ నాలుగింటిలో ధైర్యము లేమి యనునది లేదని గమనింపుడు. మన ఆటగాడు హెల్సింకీలో ఓడినది హెల్సింకీలో కాదు. తన ఊరి మైదానమున, ప్రతిదినము చేయు సాధనలోనే ఓడియుండెను. హెల్సింకీలో ఆ ఓటమి లోకమునకు కనబడెను, అంతియే. ఈ సత్యమును గ్రహించుటయే రహీం గొప్పతనము.

హెల్సింకీ పరాభవము తరువాత అఖిల భారత ఫుట్‌బాలు సంఘమువారు బూట్లు ధరించి యాడవలెనని నిర్బంధించిరి. కాని నియమము చేయుట యొక నిమిషము పని. అలవాటు మార్చుట యేండ్ల పని. ఇరువదియేండ్లు ఉత్త కాళ్లతో ఆడినవానికి బూటు సంకెలవలె తోచును. అందుచేత రహీం చిన్నవయసు వారిని వెదకి తెచ్చి, మొదటినుండి కొత్త పద్ధతులను నేర్పెను. వెనుక ముగ్గురిని నిలుపు వ్యూహమును ప్రవేశపెట్టి, కాలక్రమమున వెనుక నలుగురు, నడుమ ఇద్దరు, ముందు నలుగురు నుండు వ్యూహమును గూడ తన శిష్యులకు అలవరచెను.

ఆయన వెదకి తెచ్చిన రత్నములలో తులసీదాసు బలరాం ఒకడు. సికింద్రాబాదు సమీపమున నున్న అమ్ముగూడలో పేద కుటుంబమున పుట్టిన బాలుడతడు. బూట్లు కొనుటకు ధనము లేక, పోలీసులు పారవేసిన పాత జోళ్లతో చెప్పులు కుట్టువానిచేత బూట్లు చేయించుకొని ఆడెనట. అతని ఆటను చూచి రహీం నగరమునకు సాధనకు రమ్మని పిలిచెను. అమ్ముగూడనుండి దినదినము వచ్చుటకు ఆ బాలునియొద్ద దారిబత్తెమైన లేదు. ఆ సంగతి తెలిసి రహీం అద్దె సైకిలునకు కావలసిన పైకము తానే యిచ్చెను. ఆ చిన్న సహాయమువలన దేశమునకు గొప్ప ఆటగాడు దక్కెను. బలరాం ఆడిన హైదరాబాదు జట్టు తరువాత సంతోష్ ట్రోఫీని వరుసగా రెండు మారులు గెలుచుకొనెను. అతడు రెండు ఒలింపిక్సులలో దేశమున కాడెను.

1956వ సంవత్సరమున ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరమున ఒలింపిక్సు జరిగెను. సమర్ బెనర్జీ నాయకుడుగా వెళ్లిన ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, లతీఫ్, జుల్ఫికర్, అహమ్మద్ హుసేన్, బలరాం మొదలగు హైదరాబాదు వారు పెక్కురుండిరి. డిసెంబరు 1వ తేదీన మనవారు ఆస్ట్రేలియా జట్టును, వారి సొంతగడ్డమీదనే, 4-2 గోలులతో ఓడించిరి. నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు గోలులు చేసెను. ఒలింపిక్సులో ఈ ఘనత సాధించిన తొలి ఆసియా ఆటగాడతడే. భారత జట్టు సెమీఫైనలు చేరెను. ఆసియా ఖండమునుండి అంతవరకే దేశమును అచటికి చేరియుండలేదు.

సెమీఫైనలులో మరల యుగోస్లావియాయే ఎదురయ్యెను. నాలుగేండ్ల క్రిందట పది గోలులు చేసిన ఆ దేశమును మనవారు మొదటి యర్ధమంతయు నిలువరించిరి. రెండవ యర్ధమున మొదటి గోలు చేసినదియు మనవారే. కాని తరువాత పట్టు సడలి 1-4 గోలులతో ఓడిరి. కాంస్యపతకమునకై జరిగిన ఆటలో బల్గేరియా చేతిలో 0-3 గోలులతో ఓడి నాలుగవ స్థానమున నిలిచిరి. 10-1 నుండి నాలుగవ స్థానము వరకు నాలుగేండ్లలో నడచిన దూరము తక్కువది కాదు. అయినను రహీం తృప్తి చెందలేదు. దారి సరియైనదే, నడక యింకను చాలదని ఆయన కెరుక.

1960వ సంవత్సరమున రోము ఒలింపిక్సులో మన జట్టు కఠినమైన దేశములతో తలపడవలసి వచ్చెను. హంగేరీతో 1-2 గోలులతో ఓడినను గట్టిగ పోరాడెను. ఫ్రాన్సుతో ఆట 1-1 గా సమమయ్యెను. పెరూ చేతిలో 1-3 గోలులతో ఓడి ఇంటిదారి పట్టెను. ఆ పోటీలలో మనవారు చేసిన మూడు గోలులలో రెండు బలరాం చేసినవి; ఒకటి నాయకుడగు ప్రదీప్ కుమార్ బెనర్జీ చేసినది.

రహీం జీవితమునకు శిఖరమువంటి ఘట్టము 1962వ సంవత్సరమున ఇండొనేషియా రాజధానియగు జకార్తాలో జరిగిన ఆసియా క్రీడలు. చుని గోస్వామి జట్టునకు నాయకుడు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా మనవారిని 2-0 గోలులతో ఓడించెను. రెండవ ఆటలో థాయిలాండుపై 4-1 గోలులతో గెలిచినను, వెనుక వరుసకు కోటగోడవంటి జర్నైల్ సింగు తలకు గాయమై కుట్లు పడెను. తరువాత జపానును 2-0 గోలులతో ఓడించి మనవారు సెమీఫైనలు చేరిరి.

తలకు కుట్లు పడిన జర్నైలును వెనుక వరుసలో నిలిపినచో, ఎత్తుగ వచ్చు బంతులను తలతో అడ్డుకొనవలసి వచ్చును. అట్లని అతనిని కూర్చుండబెట్టినచో జట్టు బలము తరుగును. జర్నైలు పూర్వము ముందు వరుసలో ఆడి యుండెను. అందుచేత రహీం అతనిని ముందు వరుసకు మార్చెను. గాయపడిన రక్షకుని దాడికి పంపుట సాహసమే. కాని ఆ సాహసము ఫలించెను. సెమీఫైనలులో దక్షిణ వియత్నాముపై 3-2 గోలులతో సాధించిన విజయమున జర్నైలు గోలు గూడ నొకటి.

సెప్టెంబరు 4వ తేదీన తుది ఆట. ఎదుట మొదటి ఆటలో మనలను ఓడించిన దక్షిణ కొరియాయే. దానికితోడు మైదానమంతయు మనకు విరోధము. ఇస్రాయేలు, తైవాను ఆటగాండ్రను ఇండొనేషియా రానియ్యనందున, ఆ క్రీడలకు ఆసియా క్రీడలను పేరు తగదని భారతీయుడగు క్రీడాధికారి గురుదత్త సోంధీ వాదించెను. అందుచేత అచటి జనులు మన దేశముపై కోపించి యుండిరి. సుమారు లక్షమంది ప్రేక్షకులు మనవారు బంతిని తాకినంతనే కేకలు వేయుచుండిరి. ఆ కోలాహలము నడుమ పాకిస్తాను హాకీ ఆటగాండ్రు మన జట్టును ఉత్సాహపరచిరను ముచ్చట నాటి ఆటగాండ్రు తరువాత చెప్పుచుండిరి.

పదునేడవ నిమిషమున ప్రదీప్ కుమార్ బెనర్జీ మొదటి గోలు చేసెను. మూడు నిమిషములైన గడచినవో లేదో, తల గాయముతోనే జర్నైల్ సింగు రెండవ గోలు చేసెను. తరువాత డెబ్బది నిమిషములు మనవారు ఆ ఆధిక్యమును నిలుపుకొనవలసి యుండెను. సికింద్రాబాదు ప్రాంతమున పెరిగిన పీటర్ తంగరాజు గోలు కాపాడెను. కొరియా చివర నొక గోలు చేసినను అంతకు మించి సాధింపలేకపోయెను. 2-1 గోలులతో భారత జట్టు విజయము పొందెను. ఆ జట్టులో వంగదేశీయులు, పంజాబీలు, కేరళీయులు, గోవావారు, హైదరాబాదీలు కలసి యుండిరి. హిందువులు, ముస్లిములు, సిక్కులు, క్రైస్తవులు భుజము భుజము కలిపి నిలిచిరి. తొంబది నిమిషములు చెక్కుచెదరక నిలిచిన ఆ ఆటలో, హెల్సింకీలో తప్పిన లెక్కకు సరియైన జవాబు లభించెను.

ఆ విజయము వెనుక నొక విషాదము గూడ గలదు. రహీం శరీరమును క్యాన్సరు వ్యాధి తినివేయుచుండెను. జకార్తానుండి తిరిగివచ్చిన కొంతకాలమునకే ఆయన మంచము పట్టెను. విజయము కలిగి యేడాదియైన నిండకుండ, 1963వ సంవత్సరము జూన్ 11వ తేదీన తన యేబదిమూడేండ్ల వయసున కన్నుమూసెను. ఆయన కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం గూడ రోము ఒలింపిక్సు జట్టులో నుండి, అనంతరము అంతర్జాతీయ స్థాయిలో ఆటలకు తీర్పరిగ పనిచేసి తండ్రి పేరు నిలిపెను.

రహీం పోయిన తరువాత మన ఫుట్‌బాలు క్రమముగ క్షీణించెను. 1964లో ఆసియా కప్పున రెండవ స్థానమును, 1970 ఆసియా క్రీడలలో కాంస్యమును లభించినను, ఆసియా క్రీడలలో స్వర్ణము మరల మన చేతికందలేదు. 1960 తరువాత ఒలింపిక్సు ఫుట్‌బాలులో మన పురుషుల జట్టునకు ప్రవేశమే దొరకలేదు. ప్రపంచ కప్పు మైదానమున నేటివరకు ఆ జట్టు అడుగిడలేదు. రహీం కాలమున మనకంటె వెనుకనుండిన జపాను, సమఉజ్జీగనుండిన కొరియా తమ బాలురకు చిన్నతనమునుండి శిక్షణ నిచ్చుచు, ఏటేట పద్ధతులను మార్చుకొనుచు ముందునకు సాగిపోయెను. మనము ఒక్క గురువుపై భారమంతయు వేసి, ఆయన వెంటనే పాఠమును గూడ విడిచిపెట్టితిమి. రహీం తాను పెంచిన శిష్యులను విడిచివెళ్లెను గాని, ఆయనవంటి గురువులను పెంచు ఏర్పాటును దేశము చేసికొనలేకపోయెను. ఆటగాడు పదియేండ్లు ఆడి విశ్రమించును. గురుపరంపర నిలిచిననే ఆట నిలుచును.

విద్యార్థులారా! పెద్ద పరీక్షలో తప్పినవాడు ఆ పరీక్ష నాడు తప్పలేదు. దానికి పూర్వము గడచిన సామాన్య దినములలో తప్పినాడు. గెలుపును అట్టి దినములలోనే సమకూడును. బలహీనమైన కాలితో తన్నుట విసుగు పుట్టించు పని. చూచువారు చప్పట్లు చరవరు. అయినను ఆ పనినే దినదినము చేయించి, హైదరాబాదు బడిపంతులొకడు తన దేశమును ఆసియాకు మిన్నగ నిలిపెను. మీరును ఓడినపుడు కంటనీరు పెట్టుకొనుటకు ముందు పలకను చేతికి తీసికొనుడు. ఏ మెట్టున తప్పితిరో చూచుకొనుడు. రహీం సాహెబు జీవితము మనకు నేర్పు పాఠమిదియే.